మా నాయన హార్స్‌లీ కొండ ఎక్కినాడు

కడప,
ఆదివారం, మధ్యాహ్నం

శీనా,

నీ ఉత్తరానికి ఎన్నాళ్లకు జవాబు రాస్తున్నానో నాకు తెలుసు, నువ్వు లెక్క తీయొద్దు. మార్చిలో షాపు లెక్కలు, ఏప్రిల్లో అమ్మకు కంటి ఆపరేషను, మేలో ఈ ఎండలు. క్షమించు. అమ్మ కన్ను బాగుంది, బియ్యంలో రాళ్లు మళ్లీ తనే ఏరుతోంది. పెద్దోడు పదో తరగతి గట్టెక్కినాడు. మీ అన్న కనపడినాడు, పొలం సంగతి తనే రాస్తానన్నాడు. మీ చెల్లెలు నిన్ను అడిగినట్టు రాయమంది. అయిపోయినాయి ఊరి కబుర్లు.

ఇప్పుడు విను. మా నాయన హార్స్‌లీ కొండ ఎక్కినాడు!

ఆ కొండంటే ఆయనకెంత పిచ్చో నీకు నేను చెప్పాల్నా? కలెక్టరాఫీసులో అటెండరుగా చేరింది మొదలు రిటైరయ్యేదాకా తపాలు సంచి మోసిన మనిషి. ఎండాకాలం సాయంత్రాలు మిద్దె మీద నీళ్లు చల్లి పక్కలేస్తూ, "మన కలెక్టరు ఒకాయన ఈ ఎండకు తాళలేక కొండెక్కి కూర్చున్నాడు" అని మొదలుపెట్టేటోడు. నువ్వేమో "ఆ తర్వాత ఏమైంది చిన్నాయనా" అని ఎగదోసేటోడివి. నువ్వు పెట్టిన 'దివాన్ సాబ్' పేరు ఇప్పటికీ మా ఇంట్లో నడుస్తోంది, మొన్న మనవరాలు కూడా అట్లే పిలిచింది.

కథ నీకు తెలిసిందే. అయినా మళ్లీ రాస్తా, ఈసారి కండ్లతో చూసొచ్చి రాస్తున్నా కాబట్టి. అప్పట్లో మదనపల్లె మన కడప జిల్లాలోదే. చిత్తూరు జిల్లా పుట్టింది 1911లో. అంతకు ముందు మన కడపలో కలెక్టరుగా ఉన్న హార్స్‌లీ దొర, ఏనుగు మల్లమ్మ కొండ (ఇప్పుడు దొర పేరుతోనే పిలుస్తున్నాం కదా) చల్లగా ఉంటుందని పైన బంగళా కట్టించుకున్నాడు. 1863 నాటి మాట. కచేరీ, అంటే ఆఫీసు, కూడా అక్కడే పెట్టించినాడు. దొరలకు అది రివాజు కదా. వైస్రాయి సిమ్లాకు, మద్రాసు గవర్నరు ఊటీకి, మన కలెక్టరు మల్లమ్మ కొండకు.

ఇన్నేండ్లలో నాయన ఒక్కసారీ పోలేదు. ఎండాకాలంలో ఆయనకు సెలవు యాడ దొరికేది? ఫసలీ, అంటే రెవెన్యూ లెక్కల సంవత్సరం, జూన్ 30తో ముగుస్తుంది, అందుకని ముందు నెలలన్నీ జమాబందీ, అంటే ఊళ్ల శిస్తు పద్దులు తనిఖీ చేసే లెక్కలే. రిటైరైనాక మోకాళ్లు, ఆ తర్వాత అమ్మ ఆరోగ్యం. ఈ ఏడు మీ చెల్లెలే పట్టుబట్టింది. కారు మాట్లాడి తెల్లారకముందే బయల్దేరినాం.

గువ్వలచెరువు ఘాట్ ఎక్కి కోవా కొనుక్కున్నాం. ఆకులో పెట్టిచ్చినాడు, ఇంకా వెచ్చగా ఉంది, నీ వాటా కూడా నేనే తిన్నా. రాయచోటిలో మీ అత్త ఇంటి ముందు నుంచే పోయినాం, ఆగలేదు, ఆమెకు మాత్రం చెప్పొద్దు. గుర్రంకొండ కోట దారిలోనే కనపడింది. మదనపల్లెలో టమోటా లారీల మధ్య ఇరుక్కోని చాలాసేపు కదల్లేదు. అక్కడి బీసెంట్ కాలేజీలోనే 1919లో టాగూరు జనగణమనను ఇంగ్లీషులోకి రాసుకున్నాడని పిల్లోళ్లకు చెప్తుంటే నీ "వింధ్య హిమాచల" గుర్తొచ్చి మధ్యలో ఆపేసినా. ఇంగ నువ్వు ఊహించుకో. జిడ్డు కృష్ణమూర్తి పుట్టింది ఆ ఊర్లోనే, ఆయన రిషివ్యాలీ బడి కూడా ఆ దిక్కునే, కానీ అటు పోయే టైము లేకపోయింది.

అంగళ్లు దాటి ఘాట్ రోడ్డు పట్టుకున్నాక మా నాయన మాట్లాడటం మానేసినాడు. అద్దం దించి చెయ్యి బయట పెట్టినాడు. ఒక్కో మలుపుకూ గాలి మారుతుంటే ఆ చెయ్యి తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు. మన కడప సముద్రమట్టానికి 138 మీటర్లు, ఆ కొండ 1,265. వెయ్యి మీటర్లు ఎక్కితే ఆరేడు డిగ్రీలు తగ్గుతుంది. కడపలో ఫ్యాను కింద కూడా చెమట ఆరని మే నెలలో, పైన పిల్లోళ్లు తువ్వాళ్లు కప్పుకున్నారు.

అసలు సంగతి అటవీశాఖ బంగళా దగ్గర. ఒక గదికి ఇప్పటికీ హార్స్‌లీ పేరే ఉంది. అక్కడి వాచ్‌మన్ మంచోడు, పెద్దాయన అని చూసి గది ముందుకు తీసుకపోయినాడు. దొర ఇక్కడే ఉండేటోడు, ఇక్కడే కచేరీ నడిపేటోడు అని వచ్చినోళ్లకు చెప్పేది చెప్తున్నాడు. నాయన అంతా విని, గడప దగ్గరే నిలబడి అడిగినాడు:

"దొర ఈడ పండుకున్నాడు సరే. బంట్రోతులు యాడ పండుకునేటోళ్లప్పా?"

వాచ్‌మన్ నా ముఖం చూసినాడు. నేను నాయన ముఖం చూసినా. ఆయన ఊరికే అడగలేదు శీనా. కండ్లు చూస్తే తెలుస్తుంది కదా, ఎన్నో ఏండ్లుగా అడగాలనుకున్న మాట. "తెలీదు పెద్దాయనా, ఆ మాట ఇంతవరకూ ఎవరూ అడగలేదు" అన్నాడు వాచ్‌మన్.

అంతే, మా నాయన బంగళా వెనక్కు నడిచినాడు. మోకాళ్ల నొప్పి ఏమైందో నాకు తెలీదు. వెనక గోడలు, వంటిల్లు ఉండే దిక్కు, మెట్లు, చెట్ల కింద బండలు అన్నీ చూసుకుంటా పోయినాడు, నేను వెనకనే. ఒక నీలగిరి చెట్టు కింద ఆగినాడు. చెట్టు బెరడు పొడవాటి పట్టీలుగా ఊడి వేలాడుతోంది. ఒక పట్టీ లాగితే కింద తెల్లగా, నున్నగా ఉంది. ఆ పట్టీని వేలికి చుట్టుకుంటా చెప్పడం మొదలుపెట్టినాడు, నేను విన్నది విన్నట్టు రాస్తా:

"కలెక్టరు కొండెక్కితే కచేరీ అంతా ఎక్కాల. గుమాస్తాలు, కాగితాలు, సీళ్లు, సిరా, అన్నీ. జమాబందీ రోజులాయె. కడపలో కట్టిన తపాలు ఈడికి రావాల, సంతకమై మళ్లా కడపకు పోవాల. రైలు ఈ కొండ దాకా రాదు, కారు ఇంకా పుట్టనే లేదు. గువ్వలచెరువు కనుమ యాడుంది, ఈ కొండ యాడుంది? అంత దూరం సంచి మోసినోళ్లు మనుషులే గదా. ఆ ఎండకు దొర తాళలేక పైకొచ్చినాడు. మరి ఆ ఎండలోనే గదా వీళ్లు నడిచింది."

నాకు నోట మాట రాలేదు. ఇన్నేండ్లూ ఆయన చెప్పింది కలెక్టరు కథ అనుకున్నాం కదా మనం. ఆయన చెప్తున్నది తపాలు మోసినోళ్ల కథ. చివరి దాకా ఎవరూ అడగలేదు కాబట్టి సగంలోనే ఆగుతుండేది.

సాయంత్రం గాలిబండ దగ్గరికి పోయినాం. బండ మీద కూర్చుంటే గాలి ఈడ్చి కొడుతుంది, నిలబడినోళ్లు ఒరిగిపోతారు. నాయన పంచె కట్టు బిగించుకోని, తువ్వాలు నడుముకు కట్టి, కింద మైదానం చూపించి దారి వేసినాడు. రాయచోటిలో ఒక మజిలీ, గుర్రంకొండలో ఒకటి, మదనపల్లెలో ఒకటి. సంచి ఒకడి చేతి నుంచి ఇంకొకడి చేతికి. రాత్రి పూట కనుమలో చిరుతలు, ఎలుగులు, కాబట్టి కాగడాతో జతగా ఇంకో మనిషి. ఇదంతా ఏ పుస్తకంలోనూ ఉన్నది కాదు, తన పని తనకు నేర్పిన లెక్క. నాకైతే కలెక్టరాఫీసులో ఏ ఆఫీసరు చెప్పినా ఇంత నమ్మకం కలగదు. ఆ సంచి మోసినోళ్లలో ఒక్కడి పేరైనా ఎక్కడైనా మిగిలి ఉంటే బాగుండు. గదికి దొర పేరుంది, కొండకు దొర పేరుంది. ఒక బోర్డు మీద ఒక్క వాక్యం వాళ్ల గురించి రాస్తే ఏం పోతుంది? నాకు నిజంగా కోపమొచ్చింది శీనా, ఇప్పుడు రాస్తున్నా వస్తోంది.

సరే, మిగతాది గబగబా. మల్లమ్మ గుడికి పోయినాం. ఏనుగులు సాకిన ఆడబిడ్డంట, కొండోళ్ల రోగాలు నయం చేసేదంట, ఒకనాడు కనపడకుండా పోయిందంట, అందుకే గుడి కట్టి కొలుస్తున్నారు. అమ్మ చాలాసేపు కదల్లేదు అక్కడ్నుంచి, కంటికి మొక్కు ఉండింది. కల్యాణి అనే నీలగిరి చెట్టు చూసినాం, 1859లో నాటిందంట, మహావృక్షమని బిరుదిచ్చినారు. మొదలు చుట్టూ పిల్లోళ్లు చేతులు కలిపి నిలబడినా అందలేదు. గంగోత్రి చెరువు, జంతువుల పార్కు, ఆటలు, అవన్నీ పిల్లోళ్ల లెక్క. నువ్వు వస్తే నిన్ను నేరుగా గాలిబండకే తీసుకపోతా. నీ జుట్టుకు అదే సరైన చోటు, ఎందుకో నీకు తెలుసు.

తెల్లారి దిగేటప్పుడు జరిగింది రాయకుంటే ఈ ఉత్తరానికి అర్థం లేదు. కారు ఆపమన్నాడు. దిగి, పిల్లోడి బడి సంచి భుజానికి తగిలించుకున్నాడు, ఎడమ భుజానికి, తపాలు సంచి ఎప్పుడూ అట్లే తగిలించేటోడు. "నేను కొంచెం దూరం నడిచి దిగుతా, మీరు వెనకాల నిదానంగా రండి." మీ చెల్లెలు వద్దనబోతే అమ్మ ఆపింది, "పోనీలే" అని. నేను కారు దిగి ఆయన పక్కన నడిచినా. మంచు ఇంకా విడవలేదు, రోడ్డు తడి తడిగా ఉంది. ఆయన వేగంగా నడవలేదు, ఆగలేదు కూడా. ఆఫీసు రోజుల్లో కోటిరెడ్డి సర్కిల్లో కనపడే నడకే అది, నువ్వు చూసే ఉంటావు.

నడుస్తా నడుస్తా చెప్పినాడు. తను చేరిన కొత్తలో ఒక పాత డఫేదారు, బంట్రోతుల పెద్ద, ఉండేటోడంట. ఆయనకు ఆయన పెద్దలు చెప్పిన మాట: సంచిలో ఏముందో మోసేటోడు చూడకూడదు, కానీ సంచి తడవకూడదు. వాన వస్తే చొక్కా విప్పి సంచికి కప్పాలంట. 2001లో బుగ్గవంక పొంగిన రాత్రి నాయన ఒంటి మీద చొక్కా లేకుండా ఇంటికొచ్చినాడు, గుర్తుందా, ఆ పొద్దున నీకు చెప్పినా కదా. వరదలో కొట్టుకపోయిందన్నాడు అప్పుడు. అది కొట్టుకపోయింది కాదు శీనా. ఆ సంచిలో ఏముండిందో కూడా చెప్పినాడు, కానీ అది ఇట్లా రాసేది కాదు, నువ్వు వచ్చినప్పుడు ఆయన నోటనే వినాల. నేను ఆయన్నేమీ అడగలేదు. చెయ్యి పట్టుకుంటే పట్టుకోనిచ్చినాడు, అంతే.

ఇంటికొచ్చినప్పటి నుంచి మనిషి మారినాడు. పొద్దున్నే ఒక నోటుబుక్కు పెట్టుకోని తనతో పని చేసిన అటెండర్లు, డఫేదార్లు, నైట్ వాచ్‌మన్‌ల పేర్లు రాస్తున్నాడు. ఏ సెక్షను, ఏ ఊరు, ఎన్నడు చేరినాడు. గుర్తు రాకుంటే పాతోళ్లకు ఫోన్ చేస్తున్నాడు. నేను సాయంత్రాలు కూర్చోని తిరగ రాస్తున్నా. మీ మామ రెవెన్యూలో చేసినాడు కదా, ఆయన దగ్గర పాత ఫోటోలేమైనా ఉంటే పంపమని చెప్పు. ముఖ్యంగా జమాబందీ అప్పటివి, అందరూ వరసగా నిలబడినవి. వెనక వరసలో ఉన్నోళ్ల పేర్లు కావాల మాకు, ముందు కుర్చీలోళ్లవి అక్కర్లేదు. ఇంకోటి, నీకు ఆఫీసు కాగితాల కట్టలు చూసుకునే ఆ పొడుగు దఫ్తరి గుర్తున్నాడా, మనకు పాత కవర్ల స్టాంపులు ఇచ్చేటోడు, ఆయన ఇంటి పేరు

పక్కింటాయన అల్లుడు వచ్చేసినాడు, కువైట్‌కు ఈ రాత్రికే విమానమంట, సంచి కట్టేస్తున్నారు. మామిడికాయ ఊరగాయ, కొర్రలు అతని దగ్గరే పంపుతున్నా. ఊరగాయ సీసా మూత గట్టిగా బిగించినా, అయినా నిలబెట్టి పెట్టుకో. నాయన నీకు ఏదో రాయాలంటున్నాడు, టైము లేదు, వచ్చే ఉత్తరంలో. ఫోటోల సంగతి మర్చిపోవద్దు.

నీ
రాముడు