శనివారం గోపాల్‌పూర్ ప్రయాణం

అందరికీ, శనివారం పొద్దున్న 5 గంటలకల్లా బరంపురంలో మన ఇంటి దగ్గరికి వచ్చేయండి. గోపాల్‌పూర్ బీచ్ 16 కిలోమీటర్లే కదా అని పోయినసారిలా 8 చేస్తే ఇసక కాళ్ళు కాల్చేస్తుంది. పిల్లలు మోకాళ్ళు దాటి నీళ్ళలోకి దిగకూడదు. అక్కడ అల లోపలికి లాగేస్తుంది, ఈత వచ్చిన బావలకీ ఇదే మాట. పెద్దమ్మా, మీ చింతపండు పులిహోర ఉంటే చాలు. పోయినసారి హోటల్లో గంటన్నర కూర్చోబెట్టి చల్లారిన పూరీలు పెట్టారు. తాతగారూ వస్తున్నారు! ఒకప్పుడు బర్మాలోని రంగూన్‌కి వెళ్ళే ఓడలు గోపాల్‌పూర్ నుంచే బయల్దేరేవి కదా, వాళ్ళ నాన్నగారు ఓడెక్కిన చోటు చూపిస్తారట. పాత రేవు గోడలు కొన్ని ఇంకా మిగిలే ఉన్నాయి. వచ్చేవాళ్ళు ఈ రాత్రికి పేర్లు పెట్టండి, బండి మాట్లాడాలి.