పూతరేకుల పెట్టెపై తేదీ, ధర ఉండాలి

రావులపాలెం దగ్గర జాతీయ రహదారి పక్కన ఆత్రేయపురం పూతరేకుల పేరుతో అమ్ముతున్న పెట్టెల్లో చాలావాటిపై తయారీ తేదీ, గరిష్ఠ ధర, నికర బరువు ఉండటం లేదు. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన మిఠాయి ఇది. నిప్పుల సెగకు ఓర్చుకుంటూ, బియ్యం జావలో ముంచిన గుడ్డను వేడి కుండ మీద పరిచి ఒక్కో రేకూ తీసే ఆడవాళ్ల కష్టం వల్లే ఆ పేరొచ్చింది. ఈమధ్య మేం ‘నేతి పూతరేకులు’ అని కొన్న పెట్టె విప్పితే డాల్డా వాసన! రేకులు సాగిపోయాయి, బెల్లం పొడి అడుగున గడ్డకట్టింది. వెనక్కి తీసుకెళ్తే ‘తినే వస్తువు, తీసుకోం’ అన్నారు. బిల్లడిగితే తెల్లకాగితం మీద అంకె వేసిచ్చారు. పక్క షాపులో అదే సైజు పెట్టెకు ఇంకో రేటు. ప్యాకెట్ సరుకుపై ఈ వివరాలన్నీ ఉండాలని 2011 నుంచే కేంద్ర నిబంధనలున్నాయి. తూనికలు కొలతల శాఖ, ఆహార భద్రత అధికారులు పండగలకే పరిమితం కాకుండా నెలనెలా ఈ షాపులు తనిఖీ చేయాలి. నేతివి, డాల్డావి వేర్వేరు రంగు పెట్టెల్లోనే అమ్మించాలి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరును ప్రతి కౌంటర్ దగ్గరా పెద్ద అక్షరాల్లో రాయించాలి.

– ఒక వినియోగదారుడు, కొత్తపేట, కోనసీమ జిల్లా