జెస్సోర్ రోడ్డులో లారీని ఆపుతున్నది చెట్లేనా?

సంపాదకులు గారికి,

నమస్కారం. కోల్‌కతా నుంచి బంగ్లాదేశ్ సరిహద్దులోని పెట్రాపోల్‌కు వెళ్ళే జెస్సోర్ రోడ్డు, అంటే 112వ నంబరు జాతీయ రహదారి, ఎప్పుడు చర్చకు వచ్చినా చెట్లు కావాలా వ్యాపారం కావాలా అన్న ప్రశ్న దగ్గరే మాట ఆగిపోతోంది. గుంటూరు మిర్చి వ్యాపారంతో పరిచయం ఉన్నవాడిగా ఆ ప్రశ్నే సరిగా లేదని నా అభిప్రాయం. ఇక్కడి నుంచి బంగ్లాదేశ్‌కు టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసుకుపోయే లారీలకు ఉన్న ముఖ్యమైన దారుల్లో అదొకటి. అక్కడ లారీ ఆగితే పడే హాల్టింగ్ ఖర్చు చివరకు ఇక్కడి రైతుకు దక్కే ధర మీదకే వస్తుంది.

ఆ రోడ్డుకు ఇరువైపులా నాలుగు వేలకు పైగా పాత చెట్లున్నాయి. ఎక్కువగా నిద్రగన్నేరు జాతివి, చాలావాటికి నూరేళ్ళు దాటిన వయసుంది. బారాసాత్, అశోక్‌నగర్, హాబ్రా, బన్‌గావ్‌లలో రైల్వే గేట్ల మీదుగా ఐదు వంతెనలు కట్టడానికి 356 చెట్లు కొట్టవచ్చని కలకత్తా హైకోర్టు 2018 ఆగస్టులో అనుమతించగా, వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. ఆ కోర్టు నియమించిన నిపుణుల కమిటీ ఒక్కో చెట్టు విలువను ఏడాదికి రూ.74,500గా లెక్కగట్టి, అలాంటి పనులకు ముందు రైలు, జలమార్గాల వంటి ప్రత్యామ్నాయాలను చూడాలని కూడా చెప్పింది. చివరకు 2023 ఫిబ్రవరిలో 306 చెట్ల వరకు కొట్టడానికి అనుమతి లభించింది. ఆ వంతెనలు అక్కర్లేదని నేను అనను. సియాల్దా–బన్‌గావ్ లైనులో లోకల్ రైళ్ళ రద్దీ ఎంతటిదో ఎరిగినవారికి, గేటు పడిన ప్రతిసారీ లారీలతోపాటు అంబులెన్సులు కూడా నిలిచిపోతాయన్న సంగతి వేరే చెప్పనక్కర్లేదు. అయితే వంతెనలకని ఇచ్చిన అనుమతిని రోడ్డు పొడవునా వెడల్పు చేయడానికి తొలి మెట్టుగా భావించేవారితో మాత్రం నేను ఏకీభవించలేను.

ఎందుకంటే, లారీ అసలు కాలం పోగొట్టుకునేది రోడ్డు మీద కాదు. కోల్‌కతా నుంచి పెట్రాపోల్ సుమారు 80 కిలోమీటర్లు. గేట్ల దగ్గర ఎంత ఆగినా అది గంటల లెక్కే. ఆ తరువాత బన్‌గావ్ చుట్టుపక్కల పార్కింగ్ స్థలాల్లో వంతు కోసం పడిగాపులు కాసేది మాత్రం రోజుల లెక్క. 2022లో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం ‘సువిధ’ పేరుతో ఆన్‌లైన్ స్లాట్ బుకింగ్ తెచ్చేదాకా ఒక్కోసారి అది వారాల తరబడి సాగేది. చెట్టు ఒక్కటి కూడా కొట్టకుండానే, వరుస పద్ధతి మార్చినందువల్ల ఆ నిరీక్షణ తగ్గిందన్నది గమనించదగ్గ విషయం.

సరిహద్దు దాటిన తరువాత కూడా ఇదే కథ. మన లారీ పెట్రాపోల్‌కు అవతల బంగ్లాదేశ్ వైపున్న బేనాపోల్ యార్డు దాకా వెళ్ళి, సరుకు దింపి, వెనక్కి రావాలి. అక్కడి నుంచి ఢాకాకు అదే సరుకును మళ్ళీ వాళ్ళ లారీలోకి ఎక్కించాలి. ఆ యార్డులో దింపే చోటు ఎంత ఉంటే, రోజుకు ఇటు నుంచి అన్ని లారీలే కదులుతాయి. ఈ చిక్కు తీర్చడానికే బంగ్లాదేశ్, భూటాన్, భారత్, నేపాల్ ఒకరి వాహనాలు మరొకరి దేశంలోకి నేరుగా వెళ్ళేలా 2015 జూన్‌లో థింపూలో మోటారు వాహనాల ఒప్పందం మీద సంతకాలు చేశాయి గానీ, లారీలు మాత్రం నేటికీ పాత పద్ధతిలోనే నడుస్తున్నాయి. పెట్రాపోల్‌లో 2016లో సమీకృత చెక్‌పోస్టు (సరిహద్దు తనిఖీలన్నీ ఒకేచోట జరిగే కేంద్రం), 2024 అక్టోబరులో ‘మైత్రీ ద్వార్’ పేరుతో సరుకుకు కొత్త ద్వారం వచ్చాయి. మంచిదే. కానీ మన వైపు ద్వారం ఎంత వెడల్పు చేసినా, అవతలి యార్డు నిండి ఉంటే లారీ ఇవతలే నిలబడాలి.

మన రాష్ట్రానికి దగ్గరి సంగతి ఇంకొకటుంది. కరోనా కాలంలో సరిహద్దులో లారీల రాకపోకలు దెబ్బతిన్నప్పుడు, 2020 జులైలో గుంటూరు దగ్గరి రెడ్డిపాలెం నుంచి బేనాపోల్‌కు ఎండుమిర్చితో ప్రత్యేక పార్శిల్ రైలు నడిచింది. 16 పార్శిల్ వ్యాన్లలో (రైలు పెట్టెల్లో) సుమారు 384 టన్నుల సరుకు వెళ్ళింది. రైల్వే శాఖ అప్పట్లో చెప్పిన లెక్క ప్రకారం టన్నుకు లారీలో దాదాపు రూ.7,000 అయ్యేచోట రైలులో రూ.4,608 అయింది. అంతకుముందు గూడ్స్ రైలు కావాలంటే ఒక్కసారికి 1,500 టన్నులకు పైగా సరుకు కూడగట్టాల్సి వచ్చేది. అది చిన్న ఎగుమతిదారుల వల్ల అయ్యే పని కాదు. పార్శిల్ రైలు ఆ ఇబ్బందిని తప్పించింది. ఆపత్కాలంలో పనికొచ్చిన ఏర్పాటు మామూలు రోజుల్లో ఎందుకు పనికిరాదో నాకు అర్థం కాదు.

కాబట్టి గుంటూరు రైల్వే డివిజన్, సుగంధ ద్రవ్యాల బోర్డు, మన ఎంపీలు కలిసి మిర్చి సీజనులో ఆ పార్శిల్ రైలును ముందే ప్రకటించిన తేదీల్లో క్రమంగా నడిపించే ఏర్పాటు చేయాలని, బేనాపోల్‌లో సరుకు దింపే వేగం గురించి బంగ్లాదేశ్‌తో మాట్లాడాలని వాణిజ్య మంత్రిత్వ శాఖ మీద ఒత్తిడి తేవాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
గుంటూరు