చార్జిషీట్ వేసేముందే ప్రాసిక్యూటర్ చూడాలి

సంపాదకుడు గారికి,

పెద్ద కేసు ఏదైనా కొట్టేశారని వార్త రాగానే జనం జడ్జినో, ప్రభుత్వ ప్లీడరునో అనుమానిస్తారు. మేజిస్ట్రేట్ కోర్టులో బెంచ్ క్లర్కుగా పనిచేసి రిటైరయ్యాను. నేను చూసినంతలో అలాంటి కేసుల్లో చాలావాటికి చార్జిషీట్ దాఖలైన రోజుకే ప్రాణం పోయి ఉండేది.

దొంగతనం కేసు ఫైలే తీసుకోండి. సాయంత్రం ఐదింటికి సొత్తు స్వాధీనం చేసుకున్నామని పంచనామాలో ఉంటుంది. సరిగ్గా అదే ఐదింటికి అదే ఎస్సై ఇంకో ఊళ్లో సాక్షిని విచారించినట్టు మరో కాగితం ఉంటుంది. పంచనామా మీద సంతకం చేసిన మధ్యవర్తి బోనెక్కి, "స్టేషనుకి పిలిచి సంతకం పెట్టమంటే పెట్టానండీ" అంటాడు. డిఫెన్స్ లాయరుకి ఇంకేం కావాలి? కాగితాలు ఒక్కసారి శ్రద్ధగా తిరగేస్తే ఏ ఏపీపీ (మేజిస్ట్రేట్ కోర్టులో ప్రభుత్వం తరఫున వాదించే అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్) అయినా పట్టుకోగల తప్పు ఇది. కానీ ఆయన ఫైలు తెరిచేసరికి చార్జిషీట్ దాఖలై, కోర్టులో కేసు నంబరు కూడా పడిపోయి ఉంటుంది.

సాక్షుల సంగతి ఇంకా బాధగా ఉంటుంది. పోలీసులు రాసుకున్న వాంగ్మూలం మీద సాక్షి సంతకం తీసుకోకూడదని చట్టం చెబుతోంది. మంచి నియమమే. అయితే స్టేషన్ రైటరు ఏం రాశాడో సాక్షికి తెలియకుండానే పోతుంది. ఏళ్ల తర్వాత సమన్లు అందుకుని వచ్చి, వాయిదా రోజు పొద్దున వరండాలో ఏపీపీ గారిని మొదటిసారి చూస్తాడు. చంకలో కట్ట ఫైళ్లతో ఉన్న ఆయన నాలుగు మాటలు అడిగేలోపే కేసు పిలుస్తారు. లోపల టెన్షన్‌లో "నేనలా చెప్పలేదండీ" అన్నాడా, హాస్టైల్ (మాట మార్చిన సాక్షి) అని ముద్ర పడుతుంది. అలా అన్నవాళ్లంతా డబ్బుకు అమ్ముడుపోయినవాళ్లని నేను ఒప్పుకోను.

దర్యాప్తు పోలీసులది, వాదన ప్రాసిక్యూటర్లది, రెండూ కలపకూడదని కొందరంటారు. నిజమే. పబ్లిక్ ప్రాసిక్యూటర్ అభిప్రాయం తీసుకుని చార్జిషీట్ వెయ్యమని దర్యాప్తు అధికారిని (ఐవో) కోర్టులు ఆదేశించడం తగదని 2000లో ఆర్. సరళ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు సబబైనదే. ఎవరి మీద ఏ నేరం మోపాలో ఐవోనే నిర్ణయించనివ్వండి. ఆ నిర్ణయానికి ముందు లోపాలు చెప్పే మనిషి ఒకరు ఉండాలంటున్నాను, అంతే. శ్రద్ధగల ఎస్సైలు కొందరు తమంతట తామే ఏపీపీకి కాగితాలు చూపించుకునేవారు. వాళ్ల కేసులు చాలావరకు నిలబడేవి.

2024 జులై 1న అమల్లోకి వచ్చిన కొత్త నేర విచారణ చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అనే బీఎన్‌ఎస్‌ఎస్ కొంత దారి చూపింది. దాని 20వ సెక్షన్ ప్రకారం, ఏడేళ్ల నుంచి పదేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో పోలీసు రిపోర్టును పరిశీలించే బాధ్యత ప్రాసిక్యూషన్ డిప్యూటీ డైరెక్టరుది. పదేళ్లు, ఆపైన శిక్ష పడే హత్య, అత్యాచారం వంటి కేసుల్లో డైరెక్టరుకు, ఏడేళ్ల లోపు కేసుల్లో అసిస్టెంట్ డైరెక్టరుకు మాత్రం పర్యవేక్షణ అని చెప్పి వదిలేసింది. అన్నిటికన్నా బరువైన కేసులకే ఈ జల్లెడ లేకపోవడం నాకు మింగుడు పడటం లేదు.

టైమెక్కడుంది అని పోలీసులు అడుగుతారు. నిందితుడు రిమాండులో ఉంటే నేరాన్ని బట్టి 60 లేదా 90 రోజుల్లో చార్జిషీట్ పడాలి, లేకపోతే అతనికి బెయిల్ హక్కుగా వస్తుంది. అందుకే ఆఖరి వారంలో, ఫోరెన్సిక్ ల్యాబ్ నుంచి ఎఫ్‌ఎస్‌ఎల్ రిపోర్టు కూడా రాకముందే హడావుడిగా వేసేస్తుంటారు. గడువుకు రెండు వారాల ముందు ముసాయిదా ఏపీపీ టేబుల్ మీద ఉండాలని నియమం పెడితే ఈ పరుగు తగ్గుతుంది. దానికి ఏపీపీలు కూడా తగినంతమంది కావాలి. నేను పనిచేసిన చోట ఒకే ఏపీపీ రెండు కోర్టులు చూసేవారు.

నిందితుడి వైపు నుంచి కూడా ఆలోచించాలి. ఆధారం లేని సెక్షన్లు తగిలిస్తే ఒక మనిషి పని మానుకుని ఏళ్ల తరబడి వాయిదాలకు తిరుగుతాడు. చివరికి నిర్దోషి అన్నా, పోయిన ఏళ్లు ఎవరిస్తారు?

ఏపీపీ తన అభ్యంతరాలు రాతపూర్వకంగా ఇవ్వాలి. వాటిలో ఏది సరిదిద్దాడో, ఏది ఎందుకు వద్దనుకున్నాడో ఐవో అదే కాగితం మీద రాయాలి. రెండు తెలుగు రాష్ట్రాల హోం శాఖలు ముందుగా హత్య, అత్యాచారం కేసులతో ఈ పద్ధతి మొదలుపెట్టాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ కోర్టు ఉద్యోగి