స్విచ్ అమ్మారు సరే, దాని అడ్రస్ ఎక్కడ?

కస్టమర్ కేర్ విభాగం వారికి,

విషయం: మీ ఎనిమిది పోర్టుల మేనేజ్డ్ స్విచ్ (నెట్‌వర్క్ తీగలన్నీ కలిపే పెట్టె, సెట్టింగులు మార్చుకోగల రకం). ఐపీ అడ్రస్ గొడవ, కరెంటు పోతే చెరిగిపోయే సెట్టింగులు, డబ్బు వాపసు.

నమస్కారం. నా ఫిర్యాదు పరిష్కారమైపోయిందని మెసేజ్ పెట్టి టికెట్ మూసేశారు. ఇక్కడ ఏదీ పరిష్కారం కాలేదు. అందుకే ఈసారి మొత్తం రాస్తున్నాను, దయచేసి వీల్యాన్ అంటే, అదే ఒకే స్విచ్‌ని విడివిడి నెట్‌వర్క్‌లుగా పంచడమంటే, ఏమిటో తెలిసినవాళ్ళ చేతికి ఈ ఉత్తరం ఇవ్వండి.

మాది విజయవాడ, సత్యనారాయణపురం. కింద మేముంటాం, పై వాటా అద్దెకిచ్చాం, గేటు దగ్గరా మెట్ల దగ్గరా కెమెరాలున్నాయి, అన్నిటికీ ఇంటర్నెట్ కనెక్షన్ ఒక్కటే. కెమెరాలు పైవాళ్ళ ఫోన్లలోకి రాకూడదు, నా ఆఫీసు లాప్‌టాప్ వాళ్ళ నెట్‌వర్క్‌లో ఉండకూడదు. ఇది మామూలు స్విచ్‌తో అయ్యే పని కాదు కాబట్టి గవర్నర్‌పేటలో ఎక్కువ డబ్బు పెట్టి మీది కొన్నాను. పెట్టె మీద ప్లగ్ అండ్ ప్లే అని పెద్ద అక్షరాలతో ఉంది. తగిలించడం వరకూ నిజమే, ఆ తర్వాత దాన్ని వెతుక్కోవడానికే నా సమయమంతా పోయింది.

స్విచ్ సెట్టింగుల పేజీ తెరవాలంటే దాని ఐపీ అడ్రస్, అంటే నెట్‌వర్క్‌లో దాని నంబరు, తెలియాలి. స్విచ్ కింద అతికించిన కాగితం మీద సీరియల్ నంబరు, మ్యాక్ అడ్రస్ ఉన్నాయి, కావలసిన ఆ ఒక్కటీ లేదు. రౌటర్ ఇచ్చిన అడ్రస్‌ల జాబితాలో ఉంటుందేమోనని చూస్తే అక్కడా లేదు, ఎందుకంటే మీ స్విచ్ రౌటర్‌ని అడ్రస్ అడగనే అడగదు, అలా అడిగి తీసుకునే డీహెచ్‌సీపీ అనే పద్ధతిని ఆఫ్ చేసి అమ్ముతున్నారు. పెట్టెలో ఉన్న మడత కాగితం 'మా సాఫ్ట్‌వేర్‌తో వెతకండి' అంటుంది. అది విండోస్‌లో తప్ప పనిచేయదు, నాది లైనక్స్. సరేనని పై వాటా అబ్బాయి లాప్‌టాప్ అడిగి తెచ్చి పెడితే ఖాళీ జాబితా చూపించింది. వైఫై ఆపి, ఫైర్‌వాల్ తీసేసినా అంతే.

చివరికి లాప్‌టాప్‌ని నేరుగా స్విచ్‌కి తగిలించి, తీగలో వచ్చిపోయే డేటాని చూపించే వైర్‌షార్క్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టి, స్విచ్ ఆన్ అవుతూ పంపే ప్యాకెట్లు చూశాను. అప్పుడు తెలిసింది, దీని అడ్రస్ 192.168.0.1 అని. మా రౌటర్ అడ్రస్ కూడా అదే! మాదొక్కటే ఏమిటి, ఇళ్ళల్లో వాడే రౌటర్లలో చాలావాటికి కంపెనీ నుంచి వచ్చేటప్పుడే 192.168.0.1 గానీ 192.168.1.1 గానీ ఉంటుంది, ఈ సంగతి స్విచ్‌లు తయారుచేసే మీకు తెలియదంటే నేను నమ్మను. ఒకే డోర్ నంబరు రెండిళ్ళకి వేస్తే పోస్ట్‌మ్యాన్ ఏం చేస్తాడు? ఇంట్లో ఫోన్లూ టీవీ కాసేపు రౌటర్ దగ్గరికి, కాసేపు స్విచ్ దగ్గరికి పోయాయి. నెట్ వస్తూ పోతూ ఉంటే నాన్నగారు వార్తలు ఆగిపోతున్నాయని, పైవాళ్ళు క్లాసులు పోతున్నాయని నామీద పడ్డారు.

సరే, రౌటర్ తీగ పీకేసి, లాప్‌టాప్‌కి 192.168.0.2 ఇచ్చి, స్విచ్ పేజీలోకి వెళ్ళి దాని అడ్రస్‌ని 192.168.0.250కి మార్చాను. వీల్యాన్‌లు పెట్టాను. అక్కడ ఇంకో తమాషా. కెమెరా పోర్టుని వీల్యాన్ 20లో అన్‌ట్యాగ్డ్‌గా (డేటా మీద వీల్యాన్ నంబరు ముద్ర లేకుండా) వేసినంత మాత్రాన సరిపోదు, లోపలికి వచ్చే డేటా ఏ వీల్యాన్‌దో చెప్పే పీవీఐడీ అనే నంబరుని వేరే పేజీలో మళ్ళీ 20 అని ఇవ్వాలి, లేకపోతే కెమెరా నుంచి లోపలికి వచ్చేదంతా మొదట్నుంచీ ఉండే వీల్యాన్ 1లోకే పోతుంది. ఈ ముక్క మీ కాగితంలో ఎక్కడా లేదు. అన్నీ కుదిరాక మాత్రం బాగా నడిచింది. నెట్‌వర్క్ తీగలోనే కరెంటు కూడా ఇచ్చే పీవోఈ కూడా బాగుంది, కెమెరాల అడాప్టర్లన్నీ తీసేశాను, ఆ మాట చెప్పకపోతే అన్యాయం.

తర్వాత కరెంటు పోయింది. ఎండాకాలంలో బెజవాడలో కరెంటు పోవడం వింతేమీ కాదు. వచ్చాక చూస్తే వీల్యాన్‌లు లేవు, పీవీఐడీలు లేవు, స్విచ్ మళ్ళీ 192.168.0.1కి వచ్చి కూర్చుంది, ఇల్లంతా మళ్ళీ నెట్ లేదు. అప్లై నొక్కితే మార్పులు అప్పటికి నడుస్తాయంతే, నిలవాలంటే వేరే మెనూలో ఎక్కడో దాచిన సేవ్ నొక్కాలట. పెద్ద కంపెనీల్లో వాడే స్విచ్‌లలోనూ ఈ పద్ధతి ఉంది, కాదనను. కానీ అక్కడ దానికోసం జీతం తీసుకునే ఇంజనీర్ ఉంటాడు. ఇళ్ళకి అమ్మేదాంట్లో 'ఇంకా సేవ్ చేయలేదు' అని ఒక్క లైను చూపించడానికి మీకేం కష్టం? దీనికి మీ కస్టమర్ కేర్ ఇచ్చిన సలహా ఏమిటో తెలుసా, స్విచ్ ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయమని. సెట్టింగులు పోయేదే అలా చేస్తే కదండీ!

ఇవన్నీ విసుగు మాత్రమే, అసలు భయం వేరే ఉంది. పైవాళ్ళకిచ్చిన పోర్టులో నా లాప్‌టాప్ పెట్టి, 192.168.0 వరుసలో ఒక అడ్రస్ ఇచ్చుకుని చూశాను. వీల్యాన్ వేరైనా మీ లాగిన్ పేజీ తెరుచుకుంది. అంటే ఏ వీల్యాన్ నుంచైనా స్విచ్‌లోకి వెళ్ళొచ్చు. పాస్‌వర్డ్ మొదట్లో అడ్మిన్ అనే ఉంటుంది, మార్చమని కూడా అడగదు, పేజీకి హెచ్‌టీటీపీఎస్ భద్రత లేదు. లోపలికి వెళ్ళినవాళ్ళు తమ పోర్టుని కెమెరాల వీల్యాన్‌లో వేసుకోవడం నిమిషం పని. పై వాటా కుర్రాళ్ళు మంచివాళ్ళే, రేపు ఎవరొస్తారో నాకేం తెలుసు. వేరు చేయడానికే కొన్న వస్తువు తన తలుపు మాత్రం అందరికీ తెరిచిపెడితే దాన్ని మేనేజ్డ్ అని ఎలా అమ్ముతున్నారు?

నాకు కావలసింది ఇది. సెట్టింగుల పేజీ ఒక్క వీల్యాన్‌కే పరిమితమయ్యేలా ఫర్మ్‌వేర్ (స్విచ్ లోపల నడిచే సాఫ్ట్‌వేర్) ఇవ్వండి, అందులోనే డీహెచ్‌సీపీ ఆన్‌లో ఉంచండి, సేవ్ సంగతి కనపడేలా చేయండి. ఇవ్వలేమంటే స్విచ్ వెనక్కి తీసుకుని డబ్బు మొత్తం ఇవ్వండి, బిల్లు కాపీ జతచేశాను. ఇంకో మోడల్ కొనమని మాత్రం చెప్పకండి. 15 రోజుల్లో సమాధానం రాకపోతే 1915కి ఫోన్ చేసి వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేయిస్తాను, అప్పటికీ కదలకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 5 లక్షల లోపు వస్తువుకి అక్కడ ఫీజు కూడా లేదు.

జవాబు తెలుగులోనో ఇంగ్లిష్‌లోనో, ఏదైనా సరే, ఉత్తరం చదివి రాయండి.

ఇట్లు,
మీ కస్టమర్,
సత్యనారాయణపురం, విజయవాడ