తాత ఊరి జెర్సీ వేసుకుంటే అద్దె ఆటగాడేనా?

సంపాదకుల వారికి నమస్కారం.

ఈమధ్య మీ లేఖల కాలమ్‌లో ఒకాయన, విదేశాల్లో పుట్టి పెరిగినోళ్ళకి ఇండియా జెర్సీ ఇవ్వడమంటే ఆటగాళ్ళని అద్దెకి తెచ్చుకోవడమే అని గట్టిగా రాసారు, ఫుట్‌బాల్‌లో ర్యాన్ విలియమ్స్ గురించే ఆ కోపమంతా. ఆయన బాధ అర్థమైంది గానీ మాట మాత్రం ఒప్పుకోలేకపోయాను. ఆ కుర్రాడు పెర్త్‌లో పుట్టాడు, నిజమే, కానీ వాళ్ళమ్మది ముంబై ఆంగ్లో ఇండియన్ కుటుంబం, తాతయ్య బొంబాయి తరఫున సంతోష్ ట్రోఫీ (రాష్ట్రాల మధ్య జరిగే ఫుట్‌బాల్ పోటీ) ఆడినాయన, 2025లో ఆస్ట్రేలియా పౌరసత్వం వదిలేసి మన పాస్‌పోర్టు తీసుకున్నాకే ఆయనకి మన జట్టు దారి తెరుచుకుంది. అద్దెకి వచ్చినోడు ఉన్న పాస్‌పోర్టు ఇచ్చేసి వస్తాడేటండీ?

నేను రాజాంలో ఉంటాను, పీఈటీగా చేసి రిటైరయ్యాను. మా మేనల్లుడు ఆక్లాండ్‌లో స్థిరపడ్డాడు, వాడి పుణ్యమా అని రగ్బీ లీగ్ అనే ఆట అలవాటైంది. జట్టుకి పదమూడు మంది, బంతి పట్టుకున్నోడిని ఆరుసార్లు పడగొట్టేస్తే బంతి అవతలి జట్టుకి ఇచ్చేయాలి, కబడ్డీ తెలిసినోడికి ఇట్టే ఎక్కేస్తుంది. (మన రాజాం నుంచి ఎదిగిన జీఎంఆర్ వాళ్ళు 2025లో ముంబైలో పెట్టిన రగ్బీ లీగ్ వేరు, అది ఏడుగురి రగ్బీ, రెండిటినీ కలిపేయొద్దు.) ఆ ఆటలో ఎవడు ఏ దేశానికి ఆడొచ్చు అన్నదాని మీద జరిగినంత గొడవ ఇంకే ఆటలోనూ జరగలేదేమో అనిపిస్తుంది, అందుకే ఈ లేఖ.

రగ్బీ లీగ్‌లో ఎవడైనా తను పుట్టిన దేశానికి ఆడొచ్చు, అమ్మానాన్నల దేశానికి ఆడొచ్చు, తాతా అమ్మమ్మల దేశానికి కూడా ఆడొచ్చు. టోంగా అని పసిఫిక్‌లో చిన్న దీవుల దేశం ఉంది, జనాభా లక్ష చిల్లర, మన శ్రీకాకుళం టౌన్ కంటే తక్కువ. పనుల కోసం అక్కడోళ్ళు ఎప్పటినుంచో ఆక్లాండ్‌కి సిడ్నీకి వెళ్ళిపోయారు, పిల్లలు అక్కడే పుట్టారు. జేసన్ టౌమలోలో ఆక్లాండ్‌లో పుట్టి న్యూజిలాండ్‌కి ఆడుతున్నోడు, ఆండ్రూ ఫిఫిటా ఆస్ట్రేలియాకి ఆడుతున్నోడు, ఇద్దరూ 2017 వరల్డ్ కప్‌కి ముందు మేము టోంగాకే ఆడతాం అనేసారు. పెద్ద దేశాల మ్యాచ్ ఫీజు ముందు టోంగాలో వచ్చేది ఏ మూలకి, అయినా వెళ్ళారు. హామిల్టన్‌లో న్యూజిలాండ్‌ని 28-22తో కొట్టారు, సెమీస్‌లో ఇంగ్లండ్ చేతిలో 20-18తో పోయారు, ఆక్లాండ్ వీధులన్నీ టోంగా ఎర్ర జెండాలే. 2019లో ఏకంగా ఆస్ట్రేలియానే 16-12తో ఓడించారు. అలాంటిదే ఇంకో పసిఫిక్ దీవుల దేశం సమోవాది ఇంకా గమ్మత్తు, 2022లో ఆడిన వరల్డ్ కప్ మొదటి మ్యాచ్‌లో ఇంగ్లండ్ చేతిలో 60-6తో చిత్తయి, అదే ఇంగ్లండ్‌ని సెమీఫైనల్లో ఎక్స్‌ట్రా టైమ్‌లో 27-26తో ఇంటికి పంపి ఫైనల్‌కి వెళ్ళింది. ఆ జట్టులో చాలామంది సిడ్నీ, ఆక్లాండ్ పక్కల పెరిగినోళ్ళే. వీళ్ళని అద్దె ఆటగాళ్ళు అంటే నాకు మాత్రం నోరు రాదు.

అలాగని అన్నీ బాగున్నాయని కాదు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఇంగ్లండ్ మూడూ పై వరస, మిగతా దేశాలు కింది వరస అని పెట్టుకుని, పైవాటిలో ఒకదానికి ఆడినోడు కిందవాటిలో ఒకదానికి ఆడొచ్చు, మళ్ళీ పైకి వెళ్ళొచ్చు అన్నారు. జేమ్స్ టెడెస్కో 2013లోనూ 2017లోనూ ఇటలీకి వరల్డ్ కప్ ఆడి తర్వాత ఆస్ట్రేలియాకి వచ్చాడు, సమోవాతో ఆ ఫైనల్లో 30-10తో గెలిచిన ఆస్ట్రేలియా కెప్టెన్ ఆయనే. ఇది రెండు పడవల మీద కాళ్ళు కాదా అంటే అవును, నాకూ నచ్చదు, వరల్డ్ కప్‌లో ఒక దేశానికి ఆడినోడు ఇంక దానికే ఉండాలి. కానీ ఆ వెసులుబాటు తీసేస్తే ముందుగా దెబ్బ తినేది టోంగా, సమోవాలే, ఆస్ట్రేలియాకి పోయేదేమీ లేదు, అది కూడా చూడాలి కదా.

ఇప్పుడు మన సంగతికొద్దాం. ఇండియన్ పాస్‌పోర్టు ఉంటేనే ఇండియాకి ఆడాలని 2008 డిసెంబర్‌లో కేంద్ర క్రీడా శాఖ తేల్చేసింది, 2010లో ఢిల్లీ హైకోర్టు కూడా సరేనంది. అంతకుముందు అమెరికా పౌరుడైన ప్రకాశ్ అమృత్‌రాజ్ టెన్నిస్‌లో మనకి డేవిస్ కప్ ఆడాడు, అప్పుడు దేశానికి ఏం నష్టమొచ్చిందో నాకైతే కనపడలేదు. మా మేనల్లుడు న్యూజిలాండ్ పౌరసత్వం తీసుకున్నాడు, వాడి కొడుకు అక్కడ స్కూల్లో ఈ రగ్బీ లీగే ఆడుతున్నాడు. రేపు మనకో జట్టంటూ ఉంటే ఆ ఆట రూలు ప్రకారం వాడు ఇండియాకి అర్హుడే, మన గవర్నమెంటు రూలు ప్రకారం కాదు. భారత సంతతి విదేశీ పౌరులకి మన గవర్నమెంటు ఇచ్చే ఓసీఐ కార్డు చేతిలో ఉన్నా సరే.

నూట నలభై కోట్ల మందిలో ఆటగాళ్ళే దొరకరా, బయటోళ్ళొచ్చి మన పిల్లల చోటు తినేస్తారు అంటారు. ఆ భయం ఉత్తది కాదు, గ్రౌండ్ కూడా సరిగ్గా లేని చోట పిల్లలకి ఆట నేర్పినోడిగా చెప్తున్నాను. అందుకే లిమిట్ పెట్టమంటున్నాను. అమ్మానాన్నలు, తాతా అమ్మమ్మల వరకే చూడాలి, జట్టులో ఇద్దరో ముగ్గురో మించకూడదు, ఒకసారి మనకి ఆడితే ఇంకో దేశానికి వెళ్ళకూడదు. రెండు మూడేళ్ళు ఉద్యోగానికొచ్చి ఉన్నంత మాత్రాన జెర్సీ ఇచ్చేయడం మాత్రం వద్దు. రగ్బీ యూనియన్ (పదిహేను మంది ఆడే ఇంకో రగ్బీ) వాళ్ళే ఆ నివాసం గడువు చాలదని 36 నెలల నుంచి 60 నెలలకి పెంచుకున్నారు.

వలసల జిల్లా నుంచి రాస్తున్నాను కాబట్టి ఇంకో మాట. మన బీచ్ ఊళ్ళ జాలర్లు గుజరాత్ వేరావల్‌లో ఉంటారు, ఉద్దానం వాళ్ళు హైదరాబాద్, చెన్నైలో ఉంటారు, పిల్లలు అక్కడే చదువుతూ అక్కడి జట్లకే ఆడతారు. కరణం మల్లీశ్వరి గారు ఊసవానిపేటలో పెరిగి పెళ్ళయ్యాక హర్యానాలో స్థిరపడ్డారు, సిడ్నీ ఒలింపిక్స్‌లో 2000లో మెడల్ కొట్టినప్పుడు ఆమదాలవలసలో పండగ చేసుకోలేదా మనం? అంతెందుకు, 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మార్చినప్పుడు మా రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరంలోకి వెళ్ళిపోయింది, మా పిల్లలు ఇల్లు కదలకుండానే జిల్లా మారిపోయారు. ఆ ఏడాది సెలక్షన్స్‌కి ఎటు వెళ్ళాలని నన్నడిగిన తండ్రులున్నారు. వాళ్ళని శ్రీకాకుళం వదిలేసిన ద్రోహులు అందామా మరి?

శ్రీకాకుళం, విజయనగరం ఎంపీలు ఈ 2008 విధానం మీద పార్లమెంటులో ఒక ప్రశ్న అడగాలని, క్రీడా శాఖ ఏం చెప్తుందో మీ పేపర్లో వేయాలని కోరుతున్నాను. అలాగే పని కోసం వేరే రాష్ట్రం వెళ్ళినోళ్ళ పిల్లలకి సొంత జిల్లా సెలక్షన్స్‌లో కూడా అవకాశం ఇవ్వొచ్చా లేదా అన్నది మన జిల్లా క్రీడా అధికారులు కాస్త రాతపూర్వకంగా చెప్తే బాగుంటుంది, ఇప్పుడు ఎవరినడిగినా ఒకో మాట చెప్తున్నారు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ పీఈటీ,
రాజాం, విజయనగరం జిల్లా