అడవి కొరమేను, పూమేను సంరక్షణ: సంఘం వార్షిక నివేదిక, 2024–25

గౌరవ సభ్యులకు నమస్కారాలు. ఈ సంవత్సరం మన సంఘం చేసిన పనిలో అధికభాగం చెరువుల్లోనూ జలాశయాల్లోనూ పట్టిన, అంటే పెంపకంలో పెరగని ‘అడవి’ రకపు పెద్ద కొరమేనులను, వాటి జాతికే చెందిన పూమేనులను గాజు ట్యాంకుకు అలవాటు చేయడం గురించే సాగింది. 2016లో తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటితమైన కొరమేనుతో పులుసు పెట్టడం తెలిసినవారు మనలో చాలామంది ఉన్నా, దాన్ని ఇంట్లో బతికించుకోవడం తెలిసినవారు తక్కువేనని కొత్త సభ్యుల ప్రశ్నలను బట్టి అర్థమైంది.

సభ్యులు చెప్పినదాన్ని బట్టి, తొలి వారాల్లో ప్రాణాలు తీసినవి ఎక్కువగా జబ్బులు కావు, మూత సరిగా లేకపోవడం. ఈ జాతి చేపలు మొప్పలతో పాటు తలలోని ప్రత్యేక గదితో పైగాలిని పీల్చుకుంటాయి కనుక, మూతకూ నీటికీ మధ్య కొన్ని అంగుళాల ఖాళీ లేకుంటే ఎయిర్ పంపు ఎంత బాగా పనిచేసినా ఊపిరాడక చనిపోతాయి. ఖాళీ ఉంచి మూతపై బరువు పెట్టకపోతే రాత్రిపూట ఎగిరి నేలమీద పడతాయి. మీటరు దాటి పెరిగే పూమేనుకు ట్యాంకు లోతు కంటే వెడల్పే ముఖ్యం, ఎందుకంటే సులువుగా వెనక్కి తిరగలేని చేప మూతిని గాజుకు కొట్టుకుని పుండు చేసుకుంటుంది. మూడు వైపులా ముదురురంగు కాగితం అంటించి, పైన తేలే మొక్కలు వేసి, మొదటి కొద్దిరోజులు దీపం వెలిగించకుండా ఉంచినవారి చేపలు త్వరగా కుదురుకున్నాయి. ఇంటికొచ్చిన బంధువులకు చూపించాలన్న ఆత్రుతను ఆ కొద్దిరోజులు వాయిదా వేసుకోవాలని మనవి.

దూరం నుంచి సంచిలో వచ్చిన చేప విషయంలో ఒక పాత అలవాటును మార్చుకోవాలని సాంకేతిక ఉపసంఘం సూచించింది. మూసిన సంచిలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని నీటి పీహెచ్‌ను (ఆమ్ల, క్షార గుణాల కొలతను) తగ్గిస్తుంది, దానివల్ల చేప విసర్జించిన అమ్మోనియాలో ఎక్కువభాగం హాని తక్కువ రూపంలో ఉంటుంది. సంచి విప్పగానే ఆ వాయువు పోయి, పీహెచ్ పెరిగి, అమ్మోనియా విషంగా మారుతుంది. అందుచేత విప్పిన సంచిలోకి గంటల తరబడి బొట్టుబొట్టుగా నీరు వదలడం కంటే, సంచి మూసివుండగానే ఉష్ణోగ్రతను సమం చేసి, క్లోరిన్ తొలగించిన నీళ్లలోకి చేపను మాత్రమే త్వరగా మార్చడం మేలు. నడుస్తున్న ట్యాంకులోని పాత స్పాంజిలో అమ్మోనియాను మార్చే బ్యాక్టీరియా ఉంటుంది కనుక, దాన్ని కొత్త ఫిల్టరులో పెడితే తొలి వారాల అమ్మోనియా బెడద చాలావరకు తగ్గుతుంది.

అడవి చేప వెంట చేప పేను, యాంకర్ పురుగు వంటి ఒంటికి పట్టే పరాన్నజీవులు వచ్చే అవకాశం ఉన్నందున విడి టబ్బులో కొన్ని వారాలు ఉంచి చూడాలి. చలికాలంలో ఒంటిపై ఎర్రని పుండ్లు కనిపిస్తే, 1988 నుంచి మన దేశపు కొరమేనులను వేధిస్తున్న పుండ్ల జబ్బేమోనని అనుమానించి ఆ టబ్బు నీటిని, వలను మరెక్కడా వాడరాదు.

మేత గురించే సభ్యులు ఎక్కువగా కంగారుపడ్డారు. పెంపకపు చెరువుల కొరమేనుకు తేలే గుళికలు చిన్నప్పుడే అలవాటవుతాయి, అడవిదానికి అవి మేతలాగే కనిపించవు. ఒళ్లున్న చేప వారం, పదిరోజులు తినకున్నా ప్రమాదం లేదు; మిగిలిన మేత కుళ్లి నీరు చెడటమే ప్రమాదం. బతికిన రొయ్యతో మొదలుపెట్టి, పుల్లకు గుచ్చిన రొయ్య ముక్కకు, ఆ తరువాత గుళికలకు మళ్లించాలి. గోల్డ్‌ఫిష్‌లను నిత్యం మేతగా వేస్తే వాటిలోని ఒక ఎంజైమ్ వల్ల బీ1 విటమిన్ లోపం వస్తుంది.

ఎర్రని పిల్లల గుంపును కాపలా కాస్తున్న జతను పట్టించి కొనరాదని, ట్యాంకులో పట్టని చేపను చెరువులో వదలకుండా మరో సభ్యునికి అప్పగించాలని సర్వసభ్య సమావేశం తీర్మానించింది. అక్వేరియంల నుంచి బయటపడిన సక్కర్ చేప మన నీటివనరుల్లో మత్స్యకారుల వలలను చింపుతున్న సంగతి తెలిసిందే. వచ్చే ఏడాది సభ్యత్వ రుసుములోంచి ఉమ్మడి క్వారంటైన్ టబ్బుల ఏర్పాటుకు కొంత కేటాయించాలన్న ప్రతిపాదనను మీ ఆమోదం కోసం ఉంచుతున్నాము.

— కార్యదర్శి